తాడు పట్టేదెవరు?

మేము నలుగురం. ముగ్గురం దేవరకొండ చుట్టుపక్కల తండాల వాళ్లం, ఒకడు అమ్రాబాద్ మీద నల్లమల పెంట నుంచి వచ్చిన చెంచు పిల్లవాడు. డిగ్రీలో కంప్యూటర్ కోర్సు కలిసి చదివాం. వెబ్ పేజీలు రాయడం మాత్రం కాలేజీలో కంటే సెల్‌ఫోన్లోనే ఎక్కువ నేర్చుకున్నాం. ఈ వ్యాసం ఆ చదువు గురించి. ఎంత కష్టపడి నేర్చుకున్నామో చెప్పుకోవడానికి కాదు. మాకు పాఠం చెప్పిన తెరను, మేము నింపిన ఫారాలను, చివరికి మేమే తయారుచేసిన పేజీని, ఒక పుస్తకాన్ని విమర్శించినట్టు విమర్శించి చూడాలని. మనలో కథను, కవితను విమర్శించే వాళ్లున్నారు. రోజుకు నాలుగైదు గంటలు కళ్ల ముందుండే తెరను మాత్రం ఎవరూ విమర్శించరు. "సర్వర్ డౌన్" అని ఒక తిట్టు తిట్టి ఊరుకుంటాం.

మొదట ఒక డబ్బా సంగతి చెప్పాలి. ఏ దరఖాస్తు పేజీ తెరిచినా ముందు కనిపించేది పేరు రాసే డబ్బా. మన ఇండ్లల్లో రమావత్, నేనావత్, కేతావత్, ముడావత్, వడ్త్యా అనే పేర్లున్నాయి. నోటితో అంటే ఏ ఇబ్బందీ లేదు. ఇంగ్లీషులో రాయాల్సి వస్తేనే తంటా. రమావత్‌కు చివర హెచ్ పెట్టేవారు కొందరు, పెట్టనివారు కొందరు, మధ్యలో వి బదులు డబ్ల్యూ రాసేవారు మరికొందరు. బడిలో చేర్చుకున్న సారు రాసింది పదో తరగతి మెమోలోకి పోయింది. ఆధార్ నమోదు చేసిన అబ్బాయి రాసింది ఆధార్‌లోకి పోయింది. కులం సర్టిఫికెట్‌లో మూడో రకం వచ్చింది. ఇక నాయక్ అనే మాట అన్న పేరు చివర ఉంటుంది, తమ్ముడికి ఉండదు. మాలో ఒకరి స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆ ఒక్క హెచ్ దగ్గర ఏడు నెలలు ఆగింది. పేజీ మీద ఎర్రక్షరాలతో "పేరు సరిపోలలేదు" అని వచ్చేది. ఏ కాగితంలోని పేరు ఏ కాగితంతో సరిపోలలేదో చెప్పేది కాదు. ఫీజు కట్టలేక ఆ ఏడు నెలల్లో అతడు రెండు నెలలు హైదరాబాద్‌లో ఒక హోటల్లో గిన్నెలు కడిగాడు. చదువు మానేద్దామని సామాను కూడా సర్దుకున్నాడు. ఆ పేజీ రాసిన వాడికి ఈ సంగతి ఎన్నడూ తెలియదు.

అతడు అప్పుడు మాతో అన్న మాట ఇది: "తప్పు నాదే, నాకు సరిగా నింపరాదు." ఆ మాట మాకందరికీ పరిచయమే. గురుకులంలో ఇంగ్లీషు పాఠం అర్థం కాకపోతే మాకు రాదనుకున్నాం. లెక్క తప్పితే మాకు రాదనుకున్నాం. బ్యాంకులో డబ్బులు తీసే మిషను కార్డు మింగితే కూడా మాకే రాదనుకున్నాం.

ఆ ఆలోచనను విరిచింది ఒక పుస్తకం. డొనాల్డ్ నార్మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1988లో రోజువారీ వస్తువుల రూపకల్పన మీద రాశాడు. తలుపులు, కుళాయిలు, పొయ్యి మీటలు, టెలిఫోన్లు ఆయన విషయాలు. తలుపును తోయాలో లాగాలో తెలియక మనిషి తడబడితే తప్పు మనిషిది కాదు, తలుపుది అంటాడు. చిన్న మాటే. కానీ తండా నుంచి వచ్చిన విద్యార్థికి అది మందు లాంటిది. ఏడు నెలలు ఆగిపోయిన మా మిత్రుడికి ఆ సంగతి చెప్పిన రోజు అతడు చాలాసేపు మాట్లాడలేదు.

అయినా నార్మన్‌తో మాకు ఒక పేచీ ఉంది. ఆ తొలి పుస్తకంలో తలుపు ముందు నిలబడ్డ మనిషి ఎవరైనా కావచ్చు, అందరికీ తడబాటు ఒక్కటే. మన అనుభవం అట్లా లేదు. అదే పేరు డబ్బా శర్మను, రెడ్డిని ఆపదు. రమావత్‌ను ఆపుతుంది. ఎందుకంటే మన పేర్లను ఇంగ్లీషులో మొదట రాసింది మనం కాదు, మన భాష తెలియని వాళ్లు. 2010లో పాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామర్, జపాన్‌లో ఉంటూ అక్కడి కంప్యూటర్లు తన పేరును సరిగా తీసుకోక విసిగి, పేర్ల గురించి ప్రోగ్రామర్లు నమ్మే అబద్ధాల జాబితా ఒకటి రాశాడు. మనిషికి ఒకే ఒక సరైన పూర్తి పేరు ఉంటుందన్నది అందులో మొదటిది. ఆ జాబితా చదువుతూ మేము నవ్వుకున్నాం. నవ్వు ఆగాక, ఇది తెల్లవాడికి జపాన్‌లో జరిగితే వ్యాసమైంది, మనకు దేవరకొండలో జరిగితే పెండింగ్ అయింది అనుకున్నాం.

ఇక పాఠాల సంగతి. 2020లో బడులు మూతపడ్డప్పుడు మేము పదో తరగతి దాటుతున్న వాళ్లం. ఆ ఏడు సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. వాటిని ఆన్‌లైన్ చదువు అని అందరూ ఒకే గాటన కట్టేశారు. మాకు అవి వేరువేరు. టీవీ పాఠానికి డేటా అక్కర్లేదు, నాయిన ఫోను అక్కర్లేదు. మా ఇండ్లల్లో ఫోను ఒకటే ఉండేది, అది పొద్దున్నే నాయినతో పాటు పనికి పోయేది. కాబట్టి టీవీ పాఠాన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో మేము ఏకీభవించం. దాని లోపం వేరే ఉంది. అది ఆగదు. కరెంటు పోయినా ఆగదు, బర్రె తాడు తెంపుకున్నా ఆగదు. యూట్యూబ్‌లోని పాఠం ఆగుతుంది, వెనక్కి పోతుంది.

ఈ వెనక్కి పోవడం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు గాని, మా చదువులో అన్నిటికంటే పెద్ద మార్పు అదే. తరగతిలో "సార్, మళ్లీ చెప్పండి" అనడానికి ఎంత ధైర్యం కావాలో మనకు తెలుసు. ఒకసారి అడుగుతాం. రెండోసారి అడిగితే పక్క బెంచీ నవ్వుతుంది. మూడోసారి తల ఊపేస్తాం. వీడియోను పదకొండుసార్లు వెనక్కి తిప్పి విన్నాం, అది విసుక్కోలేదు, ఎవరూ నవ్వలేదు. అంత ఓపికైన సారు మాకు అంతకు ముందు దొరకలేదు. కానీ ఆ సారు మా మొహం చూడడు. అర్థమైందా అని అడగడు. పదకొండోసారి కూడా అదే మాటను అదే మాటతో చెబుతాడు. మా గురుకులంలో ఒక లెక్కల టీచరమ్మ ఉండేది. భిన్నాలు అర్థం కాకపోతే రొట్టెతో చెప్పేది, అదీ కాకపోతే ఎకరం, గుంటలతో చెప్పేది. నలభై గుంటలు ఎకరమని మాకు పుట్టుకతో తెలుసు కదా. ఇంకో దారి వెతికి చెప్పడం తెరకు చేతకాలేదు. టీచర్లు ఈ వ్యాసం చదువుతుంటే మేము అడిగేది ఇదొక్కటే. వీడియో పెట్టి బయటికి పోకండి. వీడియో చేయలేని పని మీ దగ్గరుంది.

కంప్యూటర్ గది గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాం. మేము చదివిన ఒక బడిలో కంప్యూటర్లకు గుడ్డలు కప్పి ఉండేవి. దసరాకు తాళం తీసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ వేసేవాళ్లు.

వెబ్ పేజీ ఎట్లా తయారవుతుందో మాకు నేర్పింది వెబ్ పేజీయే. ఫోన్ బ్రౌజర్లో చిరునామాకు ముందు "వ్యూ సోర్స్" అని కొట్టి రెండు చుక్కలు పెడితే, ఆ పేజీ వెనకున్న రాత అంతా బయటపడుతుంది. ఇంటి గోడ పూత గీకి లోపలి రాళ్లు చూసినట్టు ఉంటుంది. టిమ్ బెర్నర్స్ లీ జెనీవా దగ్గర సెర్న్‌లో ఈ వెబ్‌ను తయారుచేశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దీన్ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. పట్టా ఏదీ, హద్దు ఏదీ అని అడగకుండా మనకు దొరికిన జాగా బహుశా ఇదొక్కటే.

ఆ రాత నేర్చుకునేటప్పుడు మాకు ఇంట్లో ఉన్న వస్తువులు మొదటిసారి కనిపించాయి. 1958లో చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు భారత ప్రభుత్వం అడిగితే మన దేశంలో రూపకల్పన ఎట్లా ఉండాలో ఒక నివేదిక రాశారు. 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడటానికి అదే ఆధారం. దేశమంతా తిరిగి వాళ్లు మెచ్చుకున్న వస్తువు ఏమిటంటే చెంబు. నడుం మీద ఎట్లా నిలుస్తుంది, వంచితే నీళ్లు ఎట్లా పడతాయి, లోపల చెయ్యి పట్టి తోమొచ్చా అని ఎన్నో కోణాల్లో చూశారు. దాన్ని ఏ ఒక్కరూ తయారుచేయలేదు, తరాలు కలిసి తయారుచేశాయని తేల్చారు. అది చదివి మాలో ఒకరు ఇంటికి పోయి యాడి పేటియాను ముందేసుకుని కూర్చున్నారు. అంచు దగ్గర కుట్టు ఎందుకంత దట్టంగా ఉందో అడిగితే, "నేలకు రాసుకునేది అక్కడే కదా" అన్నదట యాడి. కాంచళీకి అద్దాలు కుట్టేటప్పుడు ఒక్కో అద్దం చుట్టూ దారం తిప్పి, ముడి వేసి ముగించి, తర్వాతదానికి పోతుంది. ఒకటి ఊడినా పక్కది ఊడదు. ట్యాగును తెరిచి మూయడం మరిచిపోతే కింద పేజీ అంతా చెదిరిపోవడం చూసిన వాళ్లం కనుక ఆ ముడి విలువ మాకు వెంటనే తెలిసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పాత వస్తువులన్నీ గొప్పవి, కొత్తవన్నీ చెడ్డవి అనే రాత మన రచయితల్లో కూడా పెరిగింది. ఆ యాడియే పేటియా కట్టడం మానేసి ఇరవై ఏండ్లయింది. ఎందుకు మానావంటే, నాటు వేయబోతే తడిసి ఇనుము మోసినట్టుంటుంది, చీరె అయితే ఎగ్గట్టుకోవచ్చు అన్నది. సాగర్ నీళ్లు వచ్చి వరి పెరిగినచోట బట్ట మారింది. పనికి సరిపోని వస్తువును వదిలేయడం కూడా రూపకల్పన తెలిసిన మనిషి చేసే పనే. ఆ బట్టను పెట్టెలో దాచింది, పారేయలేదు, అది వేరే సంగతి.

భాష దగ్గరికి వస్తే డబ్బాల కథ ఇంకా పెద్దది. ఏ పేజీలోనైనా భాష ఎంచుకోమంటే తెలుగు, ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ ఉంటాయి. గోర్ బోలి ఉండదు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాట్లాడేవాళ్లు 32 లక్షలకు పైగా ఉన్నారు. కానీ వాళ్లను హిందీ అనే పెద్ద గంపలో వేసి లెక్కగట్టారు. తండాలో మా ముసలమ్మకు హిందీలో నీళ్లు అడగడం కూడా రాదు. ఆమె హిందీ వాళ్ల లెక్కలో ఉంది. ఎవరో ఒక వరుసలో ఒక గడి తగ్గించుకున్నారు, అంతే. ఆ గడి నుంచే పాఠ్యపుస్తకం ఏ భాషలో రావాలో, ఫోన్లో ఏ మీటలు ఉండాలో తేలిపోతుంది.

తెలుగు కూడా ఈ బాధ పడిందే. యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లోనే, తెలుగు అక్షరాలకు చోటు దొరికింది. అయినా చాలా ఏండ్లు చవక ఫోన్లలో తెలుగు ఖాళీ డబ్బాలుగానే కనిపించేది. 2018 ఫిబ్రవరిలో ఒక తమాషా జరిగింది. "జ్ఞా" అనే తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, యాపిల్ వాళ్ల ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. వాళ్లు హడావుడిగా కొత్త కూర్పు వదిలి సరిచేశారు. జ్ఞానంలోని జ్ఞాను మోయలేక అంత ఖరీదైన ఫోను కూలబడిందని మేము అప్పట్లో హాస్టల్లో తెగ నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే, కోట్ల మంది రాసే అక్షరాన్నే ఎవరూ సరిగా పరీక్షించకపోతే మన భాష గతి ఏమిటనిపించింది. అదే ఏడు గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది, అంతకు ముందు ఏడు మసారం గోండి చేరింది. ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల నుంచి ఒక లిపి అంతర్జాతీయ పట్టికలోకి పోవడం చిన్న విజయం కాదు.

మన గోర్ బోలికి లిపి ఏది అనే తగవు ఎప్పుడూ ఉన్నదే. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పాఠాలు తయారుచేసినప్పుడు తెలుగు లిపినే వాడారు, అందులో మన భాషా ఉంది. తెలంగాణలో చదువుకున్న పిల్లలకు తెలుగు లిపే తేలిక అని మేము అనుకుంటాం. కానీ అట్లా రాస్తే షోలాపూర్ తండా వాడు చదవలేడు, సండూరు తండా వాడు చదవలేడు. ఈ తగవును తేల్చింది పండితులు కాదు, వాట్సాప్‌లో మైకు బొమ్మ. పుణేకు పోయిన కొడుక్కి తల్లి మైకు నొక్కి మాట్లాడుతుంది. పెండ్లి కబురు, చావు కబురు, తీజ్ పాట అన్నీ అందులోనే. చదువు రాని మనిషి ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న మీట అదొక్కటి. మంచి రూపకల్పన అంటే ఏమిటని మమ్మల్ని అడిగితే దాన్నే చూపిస్తాం. కాకపోతే ఆ మాటలు వెతికితే దొరకవు, ఫోను నీళ్లల్లో పడితే ముసలమ్మ పాట కూడా పోతుంది. మాకు రెండు పాటలు అట్లానే పోయాయి.

అందుకే ఒక పేజీ తయారుచేశాం. దాన్ని కూడా విమర్శిస్తామని మొదట్లోనే చెప్పాం. మొదటి కూర్పు సిగ్గుపడే విధంగా ఉంది. ఇంటర్నెట్లో ఉచితంగా దొరికిన అచ్చు ఒకటి తీసుకున్నాం. పైన జరిగిపోయే బొమ్మలు, ఇంగ్లీషులో "మా సంస్కృతికి స్వాగతం" అనే అర్థం వచ్చే మాటలు, నేపథ్యంలో ఎవరిదో తెలియని గిరిజన ముగ్గు. పాటలు వినాలంటే ముందు లాగిన్ కావాలి. యాడికి చూపిస్తే, "బాగుంది, ఎవరిది ఇది?" అని అడిగింది. అంతకంటే గట్టి విమర్శ ఈ వ్యాసంలో మేము రాయలేం. మన పేరు డబ్బాను తప్పుపట్టిన వాళ్లమే, మన వాళ్ల కోసం రాసిన పేజీలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు డబ్బాలు పెట్టాం. అచ్చులో ఉన్నాయి కనుక పెట్టాం. తప్పు పేజీలు అన్నీ దురుద్దేశంతో తయారు కావని, చాలావరకు ఎవరూ ఆలోచించకుండా తయారవుతాయని ఆ రోజు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన మిత్రుడి ఏడు నెలలు తిరిగి రావు.

లాగిన్ మీద మాలో పెద్ద గొడవ జరిగింది. చెంచు మిత్రుడు అప్పుడే తేనె సంగతి చెప్పాడు. నల్లమలలో కొండచరియకు పట్టిన తేనె తీయాలంటే మనిషి తాడు పట్టుకుని లోయలోకి దిగాలి. పైన తాడు పట్టుకునేది బామ్మర్ది. అన్న కాదు, తమ్ముడు కాదు, పెండ్లాం తోడబుట్టినవాడు. తన అక్క తాళి తన చేతిలో ఉంది కనుక అతడు తాడు వదలడని పెద్దలు చెబుతారు. "ఇది మా వాళ్ల పాస్‌వర్డ్" అన్నాడు. మేము నవ్వాం గాని అతడు నవ్వలేదు. వాళ్ల అవ్వకు రావలసిన డబ్బు కోసం ఒక సెంటర్‌కు పోతే, ఓటీపీ ఎప్పుడో రీఛార్జి లేక ఆగిపోయిన సిమ్‌కు పోయింది. ఆ సిమ్ ఎవరు కొనిచ్చారో కూడా అవ్వకు గుర్తు లేదు. పెంటలో సిగ్నల్ లేదు. సిగ్నల్ ఉన్న చోటికి నడిచి వచ్చేసరికి ఓటీపీ గడువు తీరింది. "తాడు ఎవరి చేతిలో ఉందో తెలియకుండా మా అవ్వను లోయలోకి దింపారు" అన్నాడు.

లాగిన్ వద్దని అతడు, పాటలు ఎవరైనా ఎత్తుకుపోతారని మిగతావాళ్లం. సినిమా వాళ్లు తండా పాట తీసుకుని పేరు కూడా వేయరనే భయం మాలో ఒకరికి గట్టిగా ఉంది, ఆ భయం ఉత్తిది కాదు. రెండు రోజులు వాదించి, వినడానికి తాళం తీసేశాం, పాట చేర్చడానికి మాత్రం తండాలో తెలిసిన ఒక మనిషి మాట ఉండాలని పెట్టాం. పాట పక్కన పాడిన మనిషి తాను చెప్పుకున్నట్టే పేరు రాస్తాం. ఒకటే డబ్బా, ఎంత పొడుగైనా పడుతుంది.

రెండో కూర్పులో రాత తక్కువ, బొమ్మ మీద నొక్కితే గొంతు. సిగ్నల్ తక్కువైన తండాలో కూడా తెరుచుకోవాలి కనుక బరువు లెక్క చూశాం. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి, ఇంగ్లీషుకు ఒకటే. రమావత్ తెలుగులో 18 బైట్లు, ఇంగ్లీషులో హెచ్‌తో కలిపి 8. తెలుగు బరువని కొందరంటే మొదట నమ్మాం. తీరా చూస్తే మేము పెట్టిన ఒక్క ఫొటో నాలుగు ఎంబీలుంది, అంటే అట్లాంటి పేర్లు రెండు లక్షలకు పైగా పట్టేంత. అక్షరాన్ని కాదు, ఫొటోను తగ్గించాం.

పేజీలో ఏ భాష ఉందో బ్రౌజర్‌కు చెప్పే చిన్న గుర్తు ఒకటుంటుంది. తెలుగుకు టి, ఇ. గోర్ బోలి మాటలకు కూడా మొదట అదే పెట్టాం, ఫోను వాటిని తెలుగులా చదివి ఖూనీ చేసింది. వెతికితే అంతర్జాతీయ పట్టికలో లంబాడీకి సొంత గుర్తు ఉందని తెలిసింది. ఎల్, ఎం, ఎన్. చెంచుకు సి, డి, ఇ. కోయకు కె, ఎఫ్, ఎఫ్. ఆ మూడక్షరాలు పెట్టాక మా ఫోనుకు ఏం చేయాలో తోచలేదు, ఆ భాషలో గొంతు దానికి లేదు. అయినా తీయలేదు. హిందీ గంపలో నుంచి మా పేజీ మటుకు బయటికి వచ్చింది.

పోయిన తీజ్‌కు యాడి మళ్లీ పేజీ చూసింది. తన చెల్లెలి గొంతు వచ్చే బొమ్మను తనే నొక్కింది, రెండుసార్లు విన్నది. పాటలో ఒక మాట తప్పు పాడిందని, దాన్ని దిద్దాలని అంటున్నది. చిన్నమ్మ మాత్రం తమ తండాలో అట్లాగే పాడతారంటున్నది. రెండు పాటలూ ఉంచడానికి ఇప్పుడు పేజీలో ఇంకో వరుస పెడుతున్నాం.